కిలోమీటరును ఎవరి కాళ్లతో కొలిచారు?

ఆ మధ్య మా టీచర్లకు ట్రైనింగు ఒకటి పెట్టారు. ఒక పెద్దమనిషి ప్రొజెక్టరు మీద రంగురంగుల బొమ్మలు వేసి చెప్పుకొచ్చాడు. పిల్లలకు ఒళ్లు కదలడం లేదట, ఊబకాయం వస్తోందట, చిన్నతనంలోనే షుగరు వస్తోందట. అందుకని పిల్లలు బడికి నడిచి వెళ్లాలి, సైకిలు తొక్కాలి అన్నాడు. అయిదేళ్ల నుంచి పదిహేడేళ్ల లోపు పిల్లలు రోజుకు సగటున 60 నిమిషాలు ఒళ్లు అలిసేటట్టు కదలాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో చెప్పిందన్నాడు. మంచి మాటే, కాదనేవాడెవడు? నేను లేచి ఒక్కటే అడిగాను. "నడవమన్నారు, బాగానే ఉంది. ఏ దారిన నడవమంటారు సార్?" హాలంతా నవ్వింది. ఆయనా నవ్వాడు. "ఏ దారి ఏముందండీ, బడి దారే" అన్నాడు.

ఆ రోజు నవ్విన వాళ్ల కోసమే ఈ నాలుగు మాటలు రాస్తున్నాను. బడి దారి అందరికీ ఒక్కటే అనుకునే వాళ్లందరి కోసం రాస్తున్నాను. మన కోసం కూడా, ఎందుకంటే ఆ నవ్విన వాళ్లలో మనవాళ్లూ ఉన్నారు.

ఊరు ఎక్కడ? వాడ ఎక్కడ?

తెలుగు పల్లెను చూసిన వాడికెవడికీ మ్యాపు గీసి చూపించక్కర్లేదు. మెరకన ఊరు, పల్లాన వాడ. గుడి, రచ్చబండ, పంచాయతీ ఆఫీసు, పాల కేంద్రం, బస్టాపు అన్నీ ఊళ్లో. చెరువు అలుగు కిందో, వాగు అవతలో, శ్మశానం పక్కనో మాలపల్లె, మాదిగపల్లె. మన మీద వీచిన గాలి వాళ్ల మీదకు పోకూడదని లెక్క చూసి మరీ పెట్టారు. ఇది ఏ ఇంజనీరూ గీసిన ప్లాను కాదు, మనువు గీసిన ప్లాను. తారు రోడ్డు వచ్చినా, కరెంటు వచ్చినా, సెల్ టవరు వచ్చినా ఆ ప్లాను మాత్రం మారలేదు.

మరి బడి ఎక్కడ ఉండేది? అగ్రహారంలో, గుడి మండపంలో, కరణం గారి అరుగు మీద, ఊరి చావిట్లో. అంటే మనం అడుగు పెట్టకూడని చోట్లన్నీ వెతికి అక్కడే పెట్టారు. 'మీ వాళ్లు చదువుకోలేదు' అని మనల్ని ఈనాటికీ ఎత్తిపొడుస్తారే, చదువు పెట్టిన చోటెక్కడో ఎవరూ చెప్పరు. మద్రాసు ప్రెసిడెన్సీలో ప్రభుత్వ బడుల్లోకే పంచముల పిల్లలను రానివ్వకపోతే, లేబర్ డిపార్టుమెంటు పెట్టి మన పల్లెల్లో వేరే బడులు తెరవాల్సి వచ్చింది. మిషనరీలు మాదిగపల్లెల్లో, మాలపల్లెల్లో పాకలు వేసి పలకలు ఇచ్చారు. హైదరాబాదులో భాగ్యరెడ్డి వర్మ ఆది హిందువుల పిల్లల కోసం బస్తీల్లో బడులు పెట్టాడు. చదువు మన గడప దగ్గరకు నడిచి వచ్చింది ఆ ఒక్క కాలంలోనే. మన తాతలు నడవలేకపోలేదు, వాళ్లను నడవనివ్వలేదు.

నడవనివ్వలేదు అన్న మాట ఊరికే అనడం లేదు. పబ్లిక్ రోడ్డు మీద, వీధిలో ఎవరైనా నడవొచ్చు అని చెప్పడానికి 1924లో రెట్టమలై శ్రీనివాసన్ మద్రాసు శాసనమండలిలో తీర్మానం పెట్టాల్సి వచ్చింది. అదే సంవత్సరం కేరళలో వైకోం గుడి చుట్టూ ఉన్న రోడ్ల మీద నడిచే హక్కు కోసం జనం జైళ్లకు పోయారు. సతారా బడిలో చిన్న భీమ్‌రావు ఇంటి నుంచి తెచ్చుకున్న గోనెపట్టా మీద దూరంగా కూర్చునేవాడు. బంట్రోతు వచ్చి ఎత్తున పోస్తేనే నీళ్లు. బంట్రోతు రాని రోజు దప్పికతోనే చదువు. ఆ బడి ఇంటికి ఎంత దూరం అని ఎవరన్నా అడిగితే ఏం చెబుతాం? ఫర్లాంగుల్లో చెప్పే దూరమా అది?

నా సంగతి చెప్పాలి కాబట్టి చెబుతున్నాను. ఎనభైల చివర, తొంభైల్లో నేను చదువుకున్న బడి రామాలయం వెనక. మా వాడ నుంచి ఊరి నడి వీధిన పోతే అయిదు నిమిషాలు. మేం మాత్రం పొలం గట్టు మీదుగా చుట్టూ తిరిగి పోయేవాళ్లం, పావుగంట పైన పట్టేది. "నడి వీధిన పోమాక నాయనా, గట్టెంబడి పో" అని మా అమ్మ రోజూ చెప్పి పంపేది. వానాకాలం మోకాలి లోతు బురద, పాములు. వీధిన పోవాల్సి వస్తే చెప్పులు చేతిలో పట్టుకోవాలి. మా నాయన సెకండ్ హ్యాండు సైకిలు కొన్నాడు. రచ్చబండ కనపడగానే దిగి నడిపించుకుంటూ పోయి, మలుపు తిరిగాక మళ్లీ ఎక్కేవాడు. 1991 ఆగస్టు 6న చుండూరు జరిగింది. ఆ తర్వాత మా అమ్మ నన్ను నెల రోజులు బడికి పంపలేదు. చేలగట్ల మీద తరిమి చంపారని విన్నది, నేను పోయేదీ చేలగట్టు మీదే. ఆ నెల రోజుల చదువు ఏ రికార్డులో ఉంది? హాజరు పట్టీలో నా పేరు ఎదురుగా 'ఆ' అని సున్నా చుట్టి ఉంటుంది, అంతే. బడి ఏ దారిలో ఉందో ఆ రిజిస్టరుకు తెలియదు.

2022 ఏం చేసింది?

2020లో కేంద్రం జాతీయ విద్యా విధానం అని తెచ్చింది. దేశంలో ప్రభుత్వ ప్రాథమిక బడుల్లో నూటికి 28 బడుల్లో 30 మంది పిల్లలు కూడా లేరని, ఇలాంటి చిన్న బడులు నడపడం గిట్టదని అందులో రాశారు. లక్షా ఎనిమిది వేల ఏకోపాధ్యాయ బడులు ఉన్నాయని కూడా రాశారు. రోగం బాగానే కనిపెట్టారు. మందు ఏం రాశారయ్యా అంటే, బడులను ఒక గూటికి చేర్చమన్నారు. పంతుళ్లు చాలని చోటికి పంతుళ్లను పంపమని గట్టిగా అనాల్సింది పోయి పిల్లలను కదిలించే దారి తెరిచారు.

ఆంధ్రలో ఆ మందు తాగించారు. మొదట 250 మీటర్ల లోపు ఉన్న బడుల నుంచి 3, 4, 5 తరగతులను హైస్కూలుకు తోలారు. 2022 జూన్‌లో 117 జీవో వచ్చింది. దానితో కిలోమీటరు దూరం లోపు ఉన్న చోట్ల కూడా అదే పని చేశారు. వాడలో మిగిలింది అంగన్‌వాడీతో పాటు ఒకటి, రెండు తరగతులే. ఆ జూలైలో రాష్ట్రమంతటా తల్లులు బడి గేట్లకు తాళాలు వేసి రోడ్డు మీద కూర్చున్నారు. అలా కూర్చున్న వాళ్లలో కూలి మానుకుని వచ్చిన మన ఆడవాళ్లే ఎక్కువ కనపడ్డారు నాకు. 2025 మేలో కొత్త ప్రభుత్వం ఆ జీవోను రద్దు చేసి కొత్త ఉత్తర్వులు ఇచ్చింది. 3, 4, 5 తరగతులు హైస్కూలు నుంచి వెనక్కి వచ్చాయి, సంతోషం. అయితే ఈసారి 'మోడల్ ప్రైమరీ స్కూలు' అన్నారు. చుట్టుపక్కల చిన్న బడుల పిల్లలను ఒక చోటుకు చేర్చాలన్న ఆలోచన మాత్రం పోలేదు. ఆ ఒక్క చోటు ఊరా, వాడా అన్న ప్రశ్నా అలాగే ఉంది.

తెలంగాణలో జీవో కూడా అక్కర్లేకుండా పోయింది. 2024-25 లెక్కల్లో ఒక్క పిల్లవాడు కూడా లేని బడులు దేశంలో దాదాపు 8,000 ఉంటే, రెండు వేలకు పైగా తెలంగాణలోనే ఉన్నాయి. పంతులును ఇవ్వరు, గది బాగుచెయ్యరు. పిల్లలు జారిపోతారు. ఆపైన 'పిల్లలే లేరు' అని తాళం వేస్తారు. మొక్కకు నీళ్లు ఆపి, ఎండిపోయిందని నరికినట్టు.

2022లో మా మండలంలో ఒక వాడ బడి నుంచి పిల్లలను హైస్కూలుకు పంపే కాగితం నా చేతికీ వచ్చింది. దూరం 900 మీటర్లని రాసి ఉంది. నేను ఆ పిల్లలతో కలిసి నడిచాను. కంప్యూటరు మీద వాడ నుంచి హైస్కూలుకు తిన్నగా గీత గీశారు. ఆ గీత చెరువు మధ్యగా పోతోంది. పిల్లలు చెరువు మీద నడవరు గదా. చెరువు కట్ట చుట్టి, ఊరి నడి వీధి దాటి, లారీలు దూసుకుపోయే పెద్ద రోడ్డు అడ్డంగా దాటితే హైస్కూలు. పెద్దవాడిని నాకే ఇరవై రెండు నిమిషాలు పట్టింది. నాలుగో తరగతి పిల్ల ఒకతి ఒకటో తరగతి తమ్ముణ్ని ముందు వాడ బడిలో దింపి, అక్కడి నుంచి పరుగెత్తుతోంది. తల్లి మిరపకోతకు పొద్దున ఆరింటికే ఆటో ఎక్కింది. "అమ్మ పోయేటప్పుడు జడేసి పోద్ది సారూ, తమ్ముడికి నేనే తినిపిస్తా" అంది. ఆఫీసులో ఈ సంగతి చెబితే "రూల్ ప్రకారం కిలోమీటరు లోపే గదా మాస్టారూ" అన్నారు.

రూలు సంగతీ చూద్దాం. 2009 విద్యాహక్కు చట్టం కింద కేంద్రం 2010లో నమూనా నియమాలు చేసింది. ఒకటి నుంచి అయిదు దాకా నడిచి పోయే దూరం కిలోమీటరు, ఆరు నుంచి ఎనిమిది దాకా మూడు కిలోమీటర్లు అన్నారు. నడిచి పోయే దూరం అన్నారు గానీ కాకి ఎగిరే దూరం అనలేదు. వరదలు, కొండచరియలు, రోడ్డు లేకపోవడం, దారిలో చిన్నపిల్లలకు ప్రమాదం ఉంటే ఆ హద్దులు తగ్గించి బడి ఇంకా దగ్గర పెట్టాలని కూడా అందులోనే ఉంది. సామాజిక, సాంస్కృతిక కారణాల వల్ల ఏ పిల్లవాడూ బడికి చేరలేని పరిస్థితి రాకుండా ప్రభుత్వం చూడాలని కూడా ఉంది. ఈ చివరి మాట చదివిన ఆఫీసరు ఎవరన్నా ఉన్నారా? గట్టు మీద నడవమని తల్లి చెప్పడం సామాజిక కారణం కాదా? రచ్చబండ దగ్గర ఎనిమిదో తరగతి ఆడపిల్లను చూసి ఈల వేస్తే అది ఏ కారణం? పల్లెల్లో నూటికి 90 ఇళ్లకు పైగా కిలోమీటరు లోపే ప్రాథమిక బడి ఉందని 2017-18 జాతీయ శాంపిల్ సర్వే చెప్పింది. కావచ్చు. ఆ కిలోమీటరు ఎవరి వీధిలోంచి పోతోందో ఆ సర్వే అడగలేదు.

బడి అంటే పలకే కాదు, పళ్లెం కూడా

ఊళ్లో వాడికి బడి అంటే చదువు. వాడలో బడి అంటే చదువూ, అన్నమూ, మందూ, నీళ్లూ. ఈ తేడా తెలియని వాడు బడిని ఎక్కడ పెట్టినా ఒకటే అంటాడు.

2001 నవంబరు 28న సుప్రీంకోర్టు ఆర్డరు వేస్తే గానీ ఉడికిన అన్నం బడికి రాలేదు. ఆంధ్రకు 2003లో వచ్చింది. పేర్లు మారుతుంటాయి, నిన్న గోరుముద్ద, 2024 నుంచి డొక్కా సీతమ్మ భోజనం. 2023లో పొద్దున రాగిజావ కూడా మొదలుపెట్టారు. వారానికో ఇనుము మాత్ర, చిన్నవాళ్లకు గులాబి రంగుది, పెద్దవాళ్లకు నీలం రంగుది. ఫిబ్రవరి 10, ఆగస్టు 10 తేదీలకు నులిపురుగుల మాత్ర. కళ్లు, పళ్లు చూసే డాక్టర్ల బృందం వచ్చేదీ బడికే. ఇవన్నీ పిల్లవాడికి అందాలంటే వాడు ఆ పూట బడిలో ఉండాలి. దూరం పెరిగితే హాజరు తగ్గుతుంది. హాజరు తగ్గితే మాత్ర తప్పుతుంది, అన్నం తప్పుతుంది. పరుగెత్తి వచ్చేసరికి జావ గిన్నె కడిగేసి ఉంటారు.

ఇది ఎవరికి జరుగుతోంది? 2019-21 కుటుంబ ఆరోగ్య సర్వేలో అయిదేళ్ల లోపు పిల్లల్లో రక్తహీనత ఆంధ్రలో నూటికి 63, తెలంగాణలో నూటికి 70. ఆ పిల్లలే ఇప్పుడు మా క్లాసుల్లో కూర్చున్నారు. రక్తం లేని పిల్లవాడికి పొద్దున ఖాళీ కడుపుతో బ్యాగు మోసుకుని నడవడం వ్యాయామం అవుతుందా? పిల్లవాడి బరువులో పదో వంతుకు మించి బ్యాగు ఉండకూడదని 2020లో కేంద్రం పాలసీ చేసింది. మన పిల్లల బరువు ఎంతో తెలిస్తే ఆ పదో వంతు ఎంతో లెక్క వేసుకోండి. రెండు నోటుబుక్కులు, ఒక టెక్స్టుబుక్కు, ఒక నీళ్ల సీసాతో అది నిండిపోతుంది.

మార్చి నడిమి నుంచి ఒంటిపూట బడులు. మధ్యాహ్నం పన్నెండున్నరకు బడి వదులుతారు. ఎండ దెబ్బ తగలకుండా అని పెట్టిన ఏర్పాటు అది. వాడలో బడి ఉంటే పిల్లవాడు రెండు నిమిషాల్లో ఇంట్లో ఉంటాడు. ఊరి అవతల హైస్కూలుకు తోలితే సరిగ్గా నడినెత్తిన సూర్యుడు ఉన్నప్పుడు తారు రోడ్డు మీద కాలుతూ వస్తాడు. కాళ్లకు చెప్పులు ఉంటే అదృష్టం. ఎండ నుంచి కాపాడే ఏర్పాటే ఎండలోకి తోలుతోంది.

ఆడపిల్లల సంగతి ఇంకో రకం. బడిలో మరుగుదొడ్డి సరిగా లేకపోతే వాడ బడి పిల్ల ఇంటికి పరుగెత్తి వస్తుంది. దూరపు బడి పిల్ల పొద్దుటి నుంచి నీళ్లు తాగడం మానేస్తుంది. మూత్రంలో మంట, కడుపునొప్పి, నెలసరి నాలుగు రోజులు బడికి ఎగనామం. ఏడో తరగతి దాటాక "దూరం పంపలేం" అంటారు ఇంట్లో. ఆ తర్వాత సంబంధాలు చూస్తారు. 20-24 ఏళ్ల ఆడవాళ్లలో 18 నిండకుండా పెళ్లయిన వాళ్లు ఆంధ్రలో నూటికి 29 మంది అని అదే సర్వే చెబుతోంది. బడి దూరానికీ, ఆ తాళిబొట్టుకూ సంబంధం లేదని అనేవాడు మా వాడకు వచ్చి ఏ తల్లినైనా అడిగి చూడమనండి.

రోడ్డు సంగతి. 2022లో దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోయారు. అందులో నడిచి పోయే వాళ్లు 32,825 మంది. కార్లో పోయే వాడి కోసం నాలుగు లైన్లు వేశారు. అడ్డంగా దాటే పిల్లవాడి కోసం ఏం వేశారు? ఊరి బడి నచ్చక బస్సు ఎక్కించినా గండం తప్పలేదు. 2014 జూలై 24న మెదక్ జిల్లా మాసాయిపేట దగ్గర కాపలా లేని రైలు గేటు మీద స్కూలు బస్సును రైలు గుద్దింది. పది మందికి పైగా పసిపిల్లలు పోయారు. పల్లెల నుంచి తూప్రాన్‌లోని ప్రైవేటు బడికి పోతున్న పిల్లలు వాళ్లు. ఆ పల్లెల్లో నమ్మకం ఉన్న బడి ఒకటి ఉంటే ఆ బస్సు ఆ పొద్దున ఆ పట్టాలు దాటేదా? ఆ తర్వాత గేట్లకు కాపలా పెట్టారు. బడికి కాపలా ఎవరూ పెట్టలేదు.

వాళ్లు చెప్పే సాకులు

ఒకటి. "వాడ బడిలో ఒక్కడే పంతులు, అయిదు తరగతులు. అక్కడ చదువేం వస్తుంది? పెద్ద బడికి పోతే సబ్జెక్టుకో టీచరు ఉంటాడు." ఇందులో నిజం ఉంది, కాదనను. నేనే ఏళ్ల తరబడి అయిదు తరగతులు ఒక్కడినే చెప్పాను, పిల్లలకు న్యాయం చెయ్యలేకపోయాను. అయితే ఒక్క పంతులు ఎందుకు ఉన్నాడు? వాడ బడికి పోస్టింగు వస్తే మూడు నెలల్లో పైరవీ చేసి రోడ్డు పక్క బడికి మారే వాళ్లను నేను కళ్లారా చూశాను. పంతులికి మోటారు సైకిలు ఉంది, జీతం ఉంది, ముప్ఫై ఏళ్ల వయసు ఉంది. ఎనిమిదేళ్ల పిల్లకు ఏముంది? ఇద్దరిలో ఒకరు కదలాల్సి వస్తే ఎవరు కదలాలి?

రెండు. "పిల్లలకు ఆటో చార్జీలు ఇస్తున్నాం గదా." సమగ్ర శిక్ష లెక్కలో ఒక్కో పిల్లకు ఏడాదికి 6,000 రూపాయల దాకా రవాణా భత్యం ఉంది. ఆ డబ్బు ఏడాది చివర ఖాతాలో పడితే పొద్దున ఆటోవాడికి ఎవరివ్వాలి? పైగా కిలోమీటరు లోపే అని కాగితం మీద రాశాక అది కూడా రాదు. చెరువు మీదుగా గీసిన గీత ఇక్కడ కూడా పనికొచ్చింది.

మూడు. "నడక మంచిదని మీరే అంటిరి, మళ్లీ నడవొద్దంటారేం?" ఎవరు వద్దన్నారు? మా పిల్లలు బిందెలు మోస్తారు, మేకలు కాస్తారు, సెలవొస్తే పత్తి తీస్తారు. ఒళ్లు కదలని రోగం మా వాడలో లేదు. తినీ తినకా కదలడమే మా రోగం. సైకిలు ఇవ్వండి, కళ్లకద్దుకుంటాం. బీహారులో 2006లో తొమ్మిదో తరగతి ఆడపిల్లలకు సైకిళ్లు ఇచ్చారు. హైస్కూలు చదువులో చేరే ఆడపిల్లల సంఖ్య దాని వల్ల మూడో వంతు దాకా పెరిగిందని 2017లో అచ్చయిన పరిశోధన తేల్చింది. బడి మూడు కిలోమీటర్లకు మించి ఉన్న ఊళ్లలోనే ఆ మేలు ఎక్కువ కనపడింది. ఆంధ్రలోనూ 2017లో 'బడికొస్తా' అని సైకిళ్లు ఇచ్చారు. హైస్కూలు పిల్లకు సైకిలు కావాలి. ఒకటో తరగతి పిల్లకు కావాల్సింది పక్క సందులో బడి. ఈ రెండూ ఒకటి కావు.

నాలుగు. ఇది మన వాళ్లు కూడా అంటారు, కాబట్టి నిదానంగా జవాబు చెప్పాలి. "వాడకో బడి, ఊరికో బడి అంటే మళ్లీ అంటరాని బడులు పెట్టినట్టే గదా. అందరి పిల్లలూ కలిసి చదవాలని గదా అంబేద్కర్ కోరింది." నిజమే. 1966లో కొఠారీ కమిషన్ కూడా కులం, డబ్బు చూడకుండా ఆ చుట్టుపట్ల పిల్లలంతా ఒకే పొరుగు బడిలో చదవాలని చెప్పింది. నాకూ కావాల్సింది అదే. అందరూ కలిసి చదివే ఒక్క బడి. అయితే ఆ ఒక్క బడి ఎప్పుడూ ఊళ్లోనే ఎందుకు ఉండాలి? కలవడం కోసం ప్రతిసారీ మనమే ఎందుకు నడవాలి?

ఊరే వాడకు నడవాలి

నేను అనేది ఇదే. బడులను కలపక తప్పదంటే, కలిపిన బడి వాడలో కట్టండి. లేదా ఊరికీ వాడకూ మధ్య పోరంబోకులో కట్టండి. ఊరి పిల్లలు నడిచి రండి. వాళ్ల పిల్లలకే గదా ఒళ్లు కదలడం లేదు, బస్సుల్లో కూర్చుని, ఫోన్లు చూసి ఊబకాయం వస్తోందని గదా ప్రొజెక్టరు వేసి చూపించారు! వాళ్లు రోజూ వాడ దాకా నడిచి వస్తే వాళ్ల ఆరోగ్యం బాగుపడుతుంది, దేశం ఆరోగ్యమూ బాగుపడుతుంది. ఏ జిమ్ము చెయ్యలేని మేలు ఆ అర కిలోమీటరు చేస్తుంది. ఊరి పిల్లలు వచ్చే దారి అంటే వారంలో రోడ్డు పడుతుంది, వీధి దీపం వెలుగుతుంది, మురుక్కాలవ మీద బండలు పరుస్తారు. మనం ముప్ఫై ఏళ్లు అర్జీలు పెట్టినా రానివి అవి.

ఇది జరగదని నవ్వుతారు. ఎందుకు జరగదో కూడా అందరికీ తెలుసు. 2003లో అయిదు రాష్ట్రాల్లో 531 ఊళ్లు తిరిగి మధ్యాహ్న భోజనంలో కులం సంగతి సర్వే చేశారు. రాజస్థాన్‌లో, తమిళనాడులో భోజనం పెట్టే చోటు దళితవాడలో ఉన్నది అయిదో వంతుకు కూడా మించలేదు. ఆంధ్రలో మాత్రం సగానికి దగ్గరగా వాడల్లోనే ఉంది, దళిత ఆడవాళ్లు వండడమూ ఇక్కడ మెరుగ్గా ఉంది. అంటే జరగని పని కాదు. మన రాష్ట్రంలోనే జరిగింది. చోటు ఎక్కడన్నది చిన్న విషయం కాదని, వండే చెయ్యి ఎవరిదో, కూర్చునే పంక్తి ఏదో అన్నీ ఆ చోటు మీదే ఆధారపడతాయని ఆ సర్వే చూపించింది. వంటవాళ్ల నియామకంలో దళితులకు ముందు అవకాశం ఇవ్వాలని 2004లో సుప్రీంకోర్టు చెప్పింది కూడా అందుకే. ఇప్పుడు బడులు కలిపే పేరుతో వాడలో ఉన్న ఆ పొయ్యినీ, ఆ గరిటెనూ ఊళ్లోకి మోసుకుపోతున్నారు. పిల్లలతో పాటు మన ఆడవాళ్ల చేతిలోని పని కూడా పోతోంది. దీని గురించి ఒక్క జీవోలోనూ ఒక్క ముక్క నేను చూడలేదు.

మనలో మన మాట

బయటివాళ్లను తిట్టి ఊరుకుంటే ఈ రాత సగమే అవుతుంది. వాడ బడి ఖాళీ కావడంలో మన చెయ్యి కూడా ఉంది. నాలాంటి మొదటి తరం ఉద్యోగస్థులు జీతం రాగానే టౌనుకు మారారు. పిల్లలను పసుపు బస్సు ఎక్కించారు. నా పిల్లలు కూడా ఆ బస్సు ఎక్కారు, దాచుకోను. మనం వదిలేసిన బడిలో కూలి తల్లుల పిల్లలే మిగిలారు. వాళ్ల తరఫున మాట్లాడే నోరు లేదని తెలిసి దాన్ని ఎత్తేయడం సులువైంది. అంబేద్కర్ జయంతికి వాడకు వచ్చి దండ వేసి, ఉపన్యాసం ఇచ్చి, విగ్రహానికి ఎదురుగా ఉన్న బడి తాళం చూడకుండా కారెక్కి పోయే వాళ్లం మనమే. విగ్రహం చూపిస్తున్న వేలు ఆ తాళం వైపే ఉంది.

పేరెంట్స్ కమిటీల సంగతీ అంతే. చట్టం ప్రకారం బడి యాజమాన్య కమిటీలో నూటికి 75 మంది తల్లిదండ్రులే ఉండాలి, సగం ఆడవాళ్లు ఉండాలి, బలహీన వర్గాలకు వాళ్ల సంఖ్యకు తగినంత చోటు ఉండాలి. మన వాడల్లో ఆ కమిటీ తీర్మానాల మీద వేలిముద్రలు ఎవరు వేయించుకుంటున్నారు? ఏ కాగితం మీద? చదివి వినిపించారా? చదువుకున్న మనం వెళ్లి ఒక సాయంత్రం ఆ కాగితం చదివి వినిపిస్తే చాలు, సగం విలీనాలు ఆగుతాయి.

మనం అడగాల్సింది ఇది:

1. వాడ బడిని కదిలించే ముందు వాడలోనే తల్లుల సభ పెట్టి, కాగితం చదివి వినిపించి, ఒప్పుకుంటేనే కదిలించాలి.

2. దూరాన్ని మ్యాపు మీద గీతతో కాదు, మండల అధికారి, వార్డు మెంబరు, ఒక తల్లి కలిసి వానాకాలంలో ఒకసారి, ఎండాకాలంలో ఒకసారి ఆ పిల్లలతో నడిచి కొలవాలి. దారిలో చెరువు, పెద్ద రోడ్డు, రచ్చబండ ఏవున్నాయో రాయాలి.

3. ఏకోపాధ్యాయ బడికి రెండో టీచరును ఇవ్వాలి. పిల్లలను కదిలించడం ఆఖరి మార్గం కావాలి, మొదటిది కాకూడదు.

4. కొత్త గదులు, కొత్త బడి కట్టాల్సి వస్తే మొదట వాడలో, వాడ పక్కన ప్రభుత్వ భూమి చూడాలి.

5. వంట వాడలోనే, వాడ ఆడవాళ్ల చేతనే సాగాలి.

6. పెద్ద రోడ్డు దాటాల్సిన ప్రతి చోటా స్పీడు బ్రేకరు, బడి వేళల్లో మనిషి ఉండాలి. రవాణా భత్యం నెలనెలా ముందుగా ఇవ్వాలి. హైస్కూలు ఆడపిల్లలకు సైకిళ్లు ఇవ్వాలి.

7. బడిలో నీళ్లు, ఆడపిల్లలకు తలుపు గడియ పడే మరుగుదొడ్డి లేకుండా ఒక్క పిల్లను కూడా కొత్తగా చేర్చకూడదు.

ఈ ఏడూ గొంతెమ్మ కోరికలు కావు. చాలావరకు చట్టంలో, నియమాల్లో ఉన్నవే. ఉన్నవాటిని అడగడానికే మనం ఇన్నిసార్లు రోడ్డెక్కాల్సి వస్తోంది.

ఆ ట్రైనింగులో అడిగిన పెద్దమనిషికి మళ్లీ చెబుతున్నాను. సార్, మా తాతలు రోడ్డు మీద నడిచే హక్కు కోసం కొట్లాడారు. మా నాయన సైకిలు దిగకుండా పోయే రోజు కోసం ఎదురు చూసి చనిపోయాడు. మేం నడకకు వ్యతిరేకం కాదు. నడవడం మా నుంచి నేర్చుకోండి. ఇప్పటికి రెండు వేల ఏళ్లుగా మేమే నడుస్తున్నాం, ఇక మీ వంతు. బడి వాడలో ఉంది. రండి, నడిచి రండి.

జై భీమ్!